ఎవరి కోసం ఈ సభ?

హాలు గుమ్మం దాకా పూలు, వేదిక మీద కళ్లు చెదిరే దీపాలు. చూసేవారికి ఏ లోటూ కనిపించదు. నర్సుల వార్షిక సదస్సుకు ఏర్పాట్లన్నీ తమ్ముడివే. ఇలాంటి సభలు నిర్వహించడమే అతని వృత్తి. ఏళ్ల తరబడి ఆసుపత్రిలో నర్సుగా ఉన్న అక్క కూడా వెనక వరుసలో కూర్చుంది. తన పనితనం అక్క కళ్లారా చూస్తోందని అతనికి లోలోపల ఒకటే సంబరం.

మొదటి అతిథి సేవాభావం గురించి మాట్లాడారు. రెండో అతిథీ సేవాభావం గురించే మాట్లాడారు. మూడో ఆయన మైకు వదిలేలా లేరు. ఫొటోలు సరిగ్గా పడుతున్నాయో లేదో చూసుకుంటున్న తమ్ముడు ఓసారి తల తిప్పాడు. వెనక వరుసలు సగం ఖాళీ. అక్క కుర్చీ కూడా!

ఒళ్లు మండి బయటికి వచ్చాడు. మెట్ల మీద ఓ బాలింత నర్సు తువ్వాలు కప్పుకుని బిడ్డకు పాలిస్తోంది. అక్క ఆమెకు అడ్డుగా నిలబడి ఉంది.

"ఏంటక్కా ఇది? అందరూ ఇలా లేచొచ్చేస్తే నా పరువేం కావాలి?"

"నీ పరువు సంగతి తర్వాత. పసిబిడ్డల తల్లులొస్తారని తెలీదా? ఓ గదైనా చూడలేదేంట్రా?"

"ఉన్న ఒక్క గదీ అతిథులకిచ్చాను..." అని నసిగాడు.

బాలింత తలెత్తింది. "గది లేకపోయినా ఫర్వాలేదు సార్. కొత్త వెంటిలేటర్ వాడకం నేర్పుతామన్నారుగా, దానికోసమే పిల్లనెత్తుకుని వచ్చాను. వచ్చేవారం మా వార్డులో పెడుతున్నారు. ఎప్పుడు చూపిస్తారు?"

తమ్ముడు చూపు తిప్పుకున్నాడు. ఉపన్యాసాలకు సమయం చాలదని ఆ శిక్షణను పొద్దున తనే ఎత్తేశాడు. యంత్రం పెట్టె కూడా విప్పలేదు.

అతని మొహం చూసి అక్కకు విషయం అర్థమైపోయింది. గొంతు పెంచలేదు. "ఒకళ్లనొకళ్లు బతిమాలుకుని, డ్యూటీలు మార్చుకుని వచ్చాంరా. రేపు మేం మీట తప్పు నొక్కితే మంచం మీదున్న మనిషి ఊపిరి ఆగిపోతుంది."

అతను మెట్టు మీద కూలబడ్డాడు. "మీకేం కావాలో ఒక్కసారైనా అడగలేదక్కా."

"ఇప్పుడేం మించిపోయింది? లే."

నర్సుల సంఘం అధ్యక్షురాలి దగ్గరికి వెళ్లి తమ్ముడు జరిగింది దాచకుండా చెప్పాడు. మధ్యాహ్నం జరగాల్సిన సన్మానాలను ఆవిడ అక్కడికక్కడే ఆపించారు. ఓ అతిథి రుసరుసలాడుతూ కారెక్కారు. అతిథుల కోసం ఉంచిన గదిలో ఇప్పుడు తల్లులు కూర్చున్నారు. హాల్లో కుర్చీలన్నీ యంత్రం చుట్టూ చేరాయి. పొద్దున్నుంచి ఖాళీగా కూర్చున్న శిక్షకుడు పెట్టె విప్పి వాడకం చూపించాడు. బాలింత మొదటిసారి మీట నొక్కగానే యంత్రం కీచుమంది. అక్క పక్కన నిలబడి మళ్లీ చేయించింది. ఈసారి సరిగ్గా పనిచేసింది. బాలింత ముఖం వెలిగిపోయింది.

చివర్లో అధ్యక్షురాలు మైకు అందుకున్నారు.

"రేపు వార్డులో మీ చెయ్యి వణక్కపోతే ఈ సభ ఫలించినట్టే. సభ పెట్టాలనుకునే వాళ్లందరికీ నాదొక్కటే మాట. ముందు వచ్చేవాళ్లకేం కావాలో అడగండి, ఆ తర్వాతే వేదిక కట్టండి."