పొడుగు చెయ్యి

మా అమ్మాయిని ఇంట్లో జడ్జిగారు అంటాం. ఏడేళ్ళు. తమ్ముడితో గొడవైనా, కూరలో ఉప్పు ఎక్కువైనా, నడుం మీద చేతులు పెట్టుకుని తీర్పు చెప్పేస్తుంది. దాని మీద అప్పీలు లేదు. నాలుగేళ్ళ తమ్ముడు ఎప్పుడూ ఆవిడ వెనకాలే తిరుగుతాడు కాబట్టి వాడు తోక. ఈ పేర్లు రెండూ వాళ్ళమ్మ పెట్టినవే. ఆవిడ పోయి ఏడాదిన్నర అయింది. పేర్లయినా మిగిలాయి కదా అనుకుంటూ ఉంటాను.

నేను కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేస్తాను. డాక్టర్లు నోటి అచ్చులు పంపిస్తారు. మేం ముందు గులాబీ రంగు మైనంతో చిగుళ్ళు మలిచి, పళ్ళు కూర్చి, దాన్ని ఇత్తడి డబ్బాలో ప్లాస్టర్ మధ్య బిగించి మరిగే నీళ్ళలో వేస్తాం. మైనం కరిగిపోతుంది. దాని ఆకారం లోపల ఖాళీగా ఉండిపోతుంది. ఆ ఖాళీలో ప్లాస్టిక్ ముద్ద కూరి ఉడికిస్తే రాయిలా గట్టిపడుతుంది. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. ఒక పన్ను వెంట్రుకవాసి పక్కకి తిరిగినా నా చెయ్యి ఊరుకోదు.

డిసెంబరు మొదటి రోజు సాయంత్రం ముగ్గురం నేల మీద కూర్చుని రంగు కాగితాలు కత్తిరించి ఇరవై నాలుగు ఉంగరాల గొలుసు చేశాం. రోజుకొక ఉంగరం తెంపాలి. గొలుసు అయిపోతే క్రిస్మస్. మూడో రోజున తోక కుర్చీ ఎక్కి ఒకేసారి నాలుగు ఉంగరాలు పీకేశాడు.

"ఎందుకురా అలా చేశావ్?" అన్నాను.

"తొందరగా వస్తుందని."

జడ్జిగారు విచారణ జరిపి, ఎవరు తెంపారో వాళ్ళే అతికించాలని తీర్పు ఇచ్చారు. వాడు గంటసేపు జిగురుతో కుస్తీ పట్టాడు. ఉంగరాలతో పాటు రెండు వేళ్ళు కూడా అతుక్కున్నాయి.

ఆ వారమే బడి నుంచి కాగితం వచ్చింది. జడ్జిగారి తరగతి వాళ్ళు క్రీస్తు పుట్టిన పశువులపాక అలంకరిస్తారట. బొమ్మలన్నీ పిల్లలే చెయ్యాలి. చీటీలు తీస్తే ఒకరికి గొర్రె, ఒకరికి ఒంటె, మా అమ్మాయికి మరియమ్మ వచ్చింది. కాగితం అడుగున, "పెద్దలు దయచేసి చెయ్యి పెట్టవద్దు" అని రాసి కింద రెండు గీతలు గీశారు.

"నాన్నా, నీ మైనం కావాలి. బంకమట్టి నాకొద్దు."

నాలుగు మైనం పలకలు తెచ్చిచ్చాను. రెండు ఆదివారాలు కిటికీ దగ్గర బల్ల మీద కూర్చుని చేసింది. నేను పక్కనే గ్రీటింగు కార్డులకి అంచులు కత్తిరిస్తూ, ఓరకంట చూస్తూ ఉన్నాను. తోక తనకిచ్చిన ముక్కతో పాము చేశాడు. పశువులపాకలో పాము ఉండదురా అంటే, "ఇది మంచి పాము" అన్నాడు.

బొమ్మ పూర్తయింది. మెడ లేదు. ఒక కన్ను నుదుటికి దగ్గరగా ఉంది. ఎడమ చెయ్యి మామూలుగా ఉంది కానీ, కుడి చెయ్యి మోకాళ్ళు దాటి, కొంగు దాటి, నేలకి ఆనుకునేంత పొడుగ్గా ఉంది.

"ఆ చెయ్యి కాస్త పొడుగైందేమో చూడమ్మా."

"అవలేదు."

తీర్పు వచ్చేసింది. ఎందుకలా చేశావని నేను అడగలేదు.

బడిలో ఆ పాక పెట్టేది కిటికీ పక్కన. ఎండ తగిలితే మైనం మెత్తబడుతుంది. "ల్యాబుకి తీసుకెళ్ళి గట్టిగా చేసి తెస్తాను, పళ్ళు చేసినట్టే," అన్నాను.

"మారిపోదు కదా?"

"ఎందుకు మారుతుంది? అచ్చం ఇలాగే ఉంటుంది."

"నిజంగా?"

"నిజంగా."

మర్నాడు మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళాక బొమ్మని నా బల్ల మీద పెట్టుకున్నాను. అప్పుడు నాకేం గుర్తొచ్చిందో చెప్పాలి. అంతకు మూడు నెలల ముందు బడి గేటు దగ్గర ఒకావిడ మా అమ్మాయి జడలు చూసింది. నేను వేసినవే, ఒకటి పైకి ఒకటి కిందకి ఉన్నాయి. ఆవిడ ఆ పిల్లని దగ్గరకి తీసుకుని, జడలు విప్పి మళ్ళీ చక్కగా అల్లి, పక్కావిడతో, "పాపం, తల్లి లేని పిల్ల కదా," అంది. ఎంతో ప్రేమగానే అంది. ఆ మాట నా చెవిలో ముల్లులా ఉండిపోయింది. ఆ బొమ్మని చూస్తుంటే గేటు దగ్గర ఆడవాళ్ళందరూ వరసగా నిలబడి అదే మాట అంటున్నట్టు వినిపించింది.

ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పని సంగతి అది. నా బిడ్డ చేసిన బొమ్మని చూసి నేను సిగ్గుపడ్డాను.

దీపం వెలిగించి కత్తి వేడిచేశాను. ముందు గడ్డం కింద కొంచెం గీశాను, మెడ తేలింది. మెడ వచ్చాక కన్ను మరీ ఎబ్బెట్టుగా కనిపించింది. కన్ను సరిచేశాక ముక్కు. తరవాత కొంగు అంచు. ఆఖరికి చెయ్యి. మోచేతి కింద కోసి, మధ్యలో అంగుళం ముక్క తీసేసి, మళ్ళీ అతికించాను. తీసిన ముక్కని తుక్కు మైనం డబ్బాలో పడేశాను. పది నిమిషాలు కూడా పట్టలేదు. తరవాత ప్లాస్టర్ పోసి, డబ్బా బిగించి, మరిగే నీళ్ళలో దించాను.

మా ల్యాబులో పళ్ళసెట్లకి పాలిష్ పెట్టే అక్క ఉంది. నాకన్నా పదేళ్ళు పెద్దది. మర్నాడు, పళ్ళ రంగు ప్లాస్టిక్‌తో తయారైన తెల్లటి బొమ్మని ఆవిడ చేతికిచ్చి, "మా అమ్మాయి చేసింది, కాస్త మెరుగు పెట్టక్కా," అన్నాను.

అక్క కళ్ళజోడు పైకి తోసుకుని, కొంగు అంచు వెంట గోరు పోనిచ్చింది.

"ఎవరు చేశారు?"

"అమ్మాయే."

"ఏమయ్యా, ఇరవై ఏళ్ళుగా నీ చిగుళ్ళకి పాలిష్ పెట్టి పెట్టి నా వేళ్ళు అరిగిపోయాయి. ఈ వంపు తిప్పే కత్తి ఎవరిదో నాకు తెలీదా? మరియమ్మ కొంగుకి చిగుళ్ళు పెట్టావు."

"నిజంగా అమ్మాయేనక్కా."

అక్క నా మొహంలోకి చూసింది. మోటారు ఆన్ చేసింది. ఆ చప్పుడులో నేనేం మాట్లాడినా వినపడదు. అది నా మీద దయతో చేసిన పనేనని ఇప్పుడు అనుకుంటాను.

సాయంత్రం జడ్జిగారు బొమ్మని రెండు చేతుల్లోకి తీసుకుంది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. వేలితో భుజం దగ్గర మొదలుపెట్టి కుడి చెయ్యి వెంట కిందకి వచ్చింది. బొమ్మ చెయ్యి అయిపోయింది. ఆ వేలు మాత్రం ఆగకుండా గాలిలో ఇంకాస్త దూరం వెళ్ళింది.

"పెద్ద చెయ్యేదీ?" అన్నాడు తోక.

"నోర్ముయ్యి," అంది జడ్జిగారు. వాణ్ణి ఎప్పుడూ అంత మాట అనలేదు. తరవాత నాతో, "గట్టిగా ఉంది," అని బొమ్మని చేతిరుమాల్లో చుట్టి సంచిలో పెట్టుకుంది.

చిన్న పిల్ల కదా, మర్చిపోతుందనుకున్నాను. పెద్దవాళ్ళకి ఇలా అనుకోవడం భలే సుఖంగా ఉంటుంది.

శుక్రవారం మధ్యాహ్నం తల్లిదండ్రుల్ని పిలిచారు. సగం రోజు సెలవు పెట్టి, తోకని వెంటబెట్టుకుని వెళ్ళాను. తరగతి గదిలో గడ్డి పరిచిన బల్ల మీద బొమ్మలన్నీ పెట్టారు. గొర్రెలకి కాళ్ళు మూడూ ఐదూ ఉన్నాయి. ఒక గొర్రె అచ్చం బంగాళాదుంపలా ఉంది. దాన్ని చేసినవాడు దాని పక్కన ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. వాళ్ళ నాన్న ఫొటో మీద ఫొటో తీస్తున్నాడు. ఆ మూడుకాళ్ళ మంద మధ్యలో మా మరియమ్మ తెల్లగా, నున్నగా, పళ్ళ డాక్టరు గదిలో అద్దాల బీరువా నుంచి దిగి వచ్చినట్టుంది. నా మొహం వేడెక్కింది.

ఒక్కొక్కరూ తమ బొమ్మ ఎలా చేశారో చెప్పాలి. మా అమ్మాయి వంతు వచ్చింది.

"ఇంత బాగా ఎలా చేశావమ్మా?" అని అడిగింది టీచరు.

అది నా వైపు చూసింది. ఒక్క క్షణమే. "నేను చేసింది కరిగిపోయింది టీచర్. ఇది దాని తరవాతది," అంది.

అందులో ఒక్క అబద్ధం లేదు. గదంతా చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. జడలు అల్లిన ఆవిడ పక్కకి వచ్చి, "మీ పాప చేతిలో ఏదో ఉందండీ," అంది. "థాంక్సండీ," అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నా నోటికే తెలియాలి.

బస్సులో తోక నా ఒళ్ళో నిద్రపోయాడు. జడ్జిగారు కిటికీలోంచి బయటికి చూస్తోంది. రెండు స్టాపులు గడిచాక, తల తిప్పకుండానే మొదలుపెట్టింది.

"అమ్మ మంచం అటు ఉండేది కదా. మాది ఇటు. మధ్యలో మందుల బల్ల."

"అవును."

"పొద్దున్న లేవగానే అమ్మ చెయ్యి చాపేది. బల్ల మీద నుంచి వచ్చేది చెయ్యి. తోకకి అందేది కాదు. నేను ఒక చేత్తో అమ్మని పట్టుకుని, ఇంకో చేత్తో వాణ్ణి పట్టుకునేదాన్ని."

ఆ వేళప్పుడు నేను వంటింట్లో ఉండేవాణ్ణి. నా కళ్ళతో ఎప్పుడూ చూడలేదు.

"పాకలో కూడా బాబు తొట్టి దూరంగా ఉంటుందని టీచరు చెప్పింది. పొడుగు చెయ్యి లేకపోతే ఎలా అందుతుంది?"

"తప్పు చేశాను తల్లీ."

"మారదని చెప్పావు."

"చెప్పాను. మరి టీచరుతో చెప్పలేదేం?"

"చెప్తే అందరూ నిన్ను చూస్తారు కదా."

కండక్టరు వచ్చి టికెట్లు అడిగాడు. చూపించాను. ఏ చూపులకి భయపడి నేను కత్తి పట్టుకున్నానో, ఆ చూపులు నా మీద పడకుండా ఏడేళ్ళ పిల్ల అడ్డం నిలబడింది. బస్సు నేల చీలితే బావుండుననిపించింది.

సోమవారం పొద్దున్నే ల్యాబులో తుక్కు మైనం డబ్బా వెతికాను. శనివారం నాడే దాన్నంతా కరిగించి కొత్త పలకలు పోశారట. అక్క నా వెనక నిలబడి, "ఏం పోయింది?" అంది.

"అమ్మాయి చేసిన చెయ్యి. ఆ బొమ్మ విషయంలో నీకు అబద్ధం చెప్పానక్కా."

"తెలుసులే. వెళ్ళాల్సిన చోటికి వెళ్ళు. నీ సెట్లు నేను చూసుకుంటాను."

బడికి వెళ్ళి టీచరుని గుమ్మం దగ్గరకి పిలిచి అంతా చెప్పాను. ఆవిడ నవ్వేసింది. "మీరొక్కరే అనుకుంటున్నారా? ఆ ఒంటె మోకాళ్ళకి మడతబందులున్నాయి. ఏడేళ్ళ పిల్లాడు బిగించినవేనంటారా? వదిలెయ్యండి."

నిజంగా వదిలెయ్యాలనిపించింది. దారి అంత తేలిగ్గా దొరికింది. కానీ గదిలో మూడో బల్ల దగ్గర రెండు జడలు, ఒకటి పైకి ఒకటి కిందకి, కదలకుండా ఉన్నాయి. లోపలికి వెళ్ళాను.

"పిల్లలూ, మరియమ్మని మా అమ్మాయి వేరేలా చేసింది. చాలా బాగా చేసింది. తనని అడక్కుండా నేను మార్చేశాను. మార్చనని మాటిచ్చి మరీ మార్చాను."

బంగాళాదుంప గొర్రె వాడు చెయ్యెత్తాడు. "అయితే అంకుల్, మీ బొమ్మని పెద్దవాళ్ళ పాకలో పెట్టాలి."

అందరూ నవ్వారు. ఒంటె తాలూకు కుర్రాడు మాత్రం బల్ల కిందకి వంగి చెప్పు సరిచేసుకున్నాడు. నేను తలదించుకుని బొమ్మని జేబులో పెట్టుకుని వచ్చేశాను. మా అమ్మాయి నన్ను చూడలేదు. దాని చెవులు ఎర్రగా ఉన్నాయి, నావి కూడా అలాగే ఉండి ఉంటాయి.

సాయంత్రం కిటికీ దగ్గర బల్ల మీద బొమ్మనీ, రెండు మైనం పలకల్నీ, దీపాన్నీ, నా కత్తినీ పెట్టాను. పాత ముక్క దొరకలేదని చెప్పాను. జడ్జిగారు చాలాసేపు ఆలోచించింది.

"నాన్నా, దీపం నువ్వు వెలిగించు. తరవాత చేతులు కట్టుకుని కూర్చో. నేను చెప్పేదాకా విప్పకూడదు."

చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చున్నాను. అది కత్తి కాల్చి మైనం మెత్తబరిచి, నేను చేసిన పొట్టి చేతి చుట్టూ చుట్టింది. పొట్టి చెయ్యి లోపల ఉండిపోయింది. గులాబీ రంగు చెయ్యి కొంగు దాటింది, నేలని తాకింది. తెల్లటి భుజం దగ్గర అతుకు బుడిపెలా లేచింది. దాని మీద బొటనవేలి ముద్ర పడింది.

సగంలో ఆగిపోయింది. "ఎంత పొడుగో నాకు సరిగ్గా గుర్తురావట్లేదు," అంది.

నా వల్లే. మొదటిసారి చేసినప్పుడు దానికి గుర్తుంది.

"బల్ల దాటాలి," అన్నాను. "మందుల బల్ల వెడల్పు నాకు తెలుసు. అదీ దాటి, నీ దుప్పటి అంచు దాకా."

తల ఊపి ఇంకో ముక్క చేర్చింది. తోక తన మంచి పాముని తెచ్చి, "సరిపోకపోతే ఇది పెట్టు," అన్నాడు. అది కాసేపు చూసి, పాముని చిన్నగా తుంచి చివర వేళ్ళు చేసింది. తోక గొలుసు దగ్గరికి వెళ్ళి ఆ రోజు ఉంగరం ఒక్కటే తెంపాడు. ఇంకా ఐదున్నాయి.

భుజం దగ్గర బుడిపె నన్ను చూస్తూనే ఉంది. కత్తి వేడిగానే ఉంది, బెత్తెడు దూరంలో. కుడి చెయ్యి చంకలో దానంతటదే కదిలింది.

"నాన్నా."

"కట్టుకునే ఉన్నానమ్మా," అన్నాను.