ఈరమ్మ ఎంచిన పొగడబ్బా

మూడో మేక తలకాయ నిప్పుల మీద తిరుగుతుండగా ఈరమ్మ ఎడమ భుజం మళ్ళీ లాగింది. ఇనుప చువ్వను కుడిచేతికి మార్చుకుని, ఎడమ చేతిని చీరకేసి రెండుసార్లు రుద్దుకుని, మళ్ళీ తిప్పడం మొదలుపెట్టింది. వెంట్రుకలు చిటపటమని కాలాయి. చర్మం నల్లబడి, చెవుల అంచులు ముడుచుకున్నాయి. సరిగ్గా అప్పుడే తీయాలి. ఆలస్యం చేస్తే చర్మం పగులుతుంది, తొందరపడితే తినేవాళ్ళకు కూరలో వెంట్రుక తగులుతుంది. ఆమె దాన్ని తీసి బండ మీద పెట్టి, కత్తి మొండివైపుతో బరబరా గీకి, పసుపు రాసి నీళ్ళు కొట్టింది. ఇరవై ఆరేళ్ళుగా ఆ చేతులకు తెలిసిన పని ఇదొక్కటే.

కర్మన్‌ఘాట్ రోడ్డు మీద యోగేందర్ మటన్ షాపు. వెనక ఇరుకైన పెరడు. అందులో ఒక మూల మేకలను కట్టేసే చోటు, ఇంకో మూల ఈరమ్మ బొగ్గుల పొయ్యి. నిజానికి ఆ పొయ్యి ఆమె మొగుడిది. అతను పోయాక, దినాలు కాగానే వచ్చి చువ్వ పట్టుకుంది. ఆడమనిషి తలకాయలు కాల్చడమేమిటని మొదట్లో కొందరు మూతి విరిచారు. ఆమె కాల్చి ఇచ్చిన తలకాయ కూర తిన్నాక ఆ మూతులన్నీ చక్కగా సర్దుకున్నాయి. పొట్టి మనిషి. రూపాయి బిళ్ళంత బొట్టు. కనుబొమలు కాలీ కాలీ ఇక మొలవడం మానేశాయి. ఇంటికి పోయే మీర్‌పేట్ బస్సులో ఆమె పక్క సీటు ఎప్పుడూ అన్నిటికన్నా చివర నిండేది. ఆమె దానికి బాధపడేది కాదు, హాయిగా చేతిసంచి పెట్టుకునేది.

అంత గట్టి మనిషికి నాలుగు రోజులుగా ముద్ద దిగడం లేదు. భయం. ఆదివారం రద్దీ తగ్గాక యోగేందర్ ఫోన్లో ఎవరితోనో అంటుంటే వింది. "స్మోకర్ తెస్తున్న తమ్మీ. మనిషి పొయ్యి ముంగట నిలబడే పనే లేదిగ. పొగంత డబ్బాలనే, దానంతటదే అయితది." ఇరవై ఆరేళ్ళుగా ఆ పొయ్యి ముందు నిలబడ్డ మనిషి తానొక్కతే. ఇంకెవరి గురించి అంటాడు?

ఎల్బీ నగర్‌లో జంగయ్య కూడా ఈ పనే చేసేవాడు. అక్కడి సేటు తలకాయలు కాల్చే గ్యాస్ గన్ను తెచ్చిన రోజు జంగయ్యకు చొక్కా గుడ్డ పెట్టి, మర్యాదగా ఇంటికి పంపించాడు. ఆర్నెల్లపాటు అతను మెట్రో పిల్లర్ కింద ఊరికే కూర్చుని కనిపించాడు. ఏడో నెలలో కనిపించలేదు. ఏమయ్యాడని అడిగితే పోయాడన్నారు. ఏ రోగమూ లేదట. ఆ సంగతి విన్నప్పటి నుంచి ఈరమ్మకు కొత్త బట్ట పెట్టే మర్యాదంటేనే గుండెల్లో దడ.

కూతురు సంతోషికి ఈ భయం చెప్పలేదు. ఆమె దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపులో సేల్స్‌గాళ్. చెబితే, "మంచిగైంది, ఇంట్ల కూసో" అంటుంది. ఆ ఒంటిగదిలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఫ్యాను చప్పుడు వింటూ కూర్చోవడం తలుచుకుంటేనే ఈరమ్మకు ఊపిరి ఆడదు. భుజం నొప్పి సంగతీ చెప్పలేదు. చువ్వ తిప్పే చేతికి నొప్పి రాక ఇంకేమొస్తుంది?

గురువారం బేరాలు తక్కువ. పదిన్నరకే యోగేందర్ కౌంటరు తమ్ముడు సతీష్‌కి అప్పగించి పెరట్లోకి వచ్చాడు.

"పెద్దమ్మా, చేతులు కడుక్కో. దిల్‌సుఖ్‌నగర్ పోదాం. స్మోకర్ కొనాలె, నువ్వే చూసి చెప్పాలె."

ఈరమ్మ చేతిలో కత్తి ఆగింది. "నేనెందుకు బిడ్డా?" గిరాకీల ముందు అతను సేటు, వాళ్ళు లేనప్పుడు బిడ్డ.

"పొగ సంగతి నాకేమెరుక? ఊర్ల మీ అమ్మ పొయ్యి మీద దండెం కట్టి మాంసం తునకలు ఆరబెట్టేదంటివి గద. నాగోల్ దిక్కు అపార్ట్‌మెంటోళ్ళు గసొంటిదే అడుగుతున్నరు. దానికి స్మోక్డ్ మటన్ అని పేరు."

తన గొయ్యి తనతోనే తవ్విస్తున్నాడనుకుంది ఈరమ్మ. రానని చెప్పే ధైర్యం లేక చేతులు కడుక్కుంది.

గురువారం కదా, సాయిబాబా గుడి దగ్గర స్కూటర్ అడుగడుగునా ఆగింది. వెనక కూర్చున్న ఈరమ్మకు ఎండ తెలియలేదు, రద్దీ తెలియలేదు. ఇవాళ సాయంత్రం తనకు ఏ రంగు చీర పెట్టి పంపిస్తాడా అని ఆలోచిస్తోంది.

హోటళ్ళకు పొయ్యిలు, గిన్నెలు అమ్మే ఆ దుకాణం యజమాని పేరు త్రినాథరావు. కాకినాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. కుర్చీలోంచి లేచి వచ్చాడు.

"బడ్జెట్ ఎంతనుకుంటున్నారండీ?"

"పదిహేను వేలు దాటొద్దు."

"అయితే కరెంటుది వదిలేయండి, అది ముప్పై పైమాటే. మీ లెక్కలో రెండున్నాయి. ఇదిగో, ఈ చక్రాలది చూడ్డానికి కూడా బావుంటుంది. వేడి చూపే మీటరుంది, పక్కన చిన్న బల్ల కూడా ఉంది. తొమ్మిదిన్నరకి ఇచ్చేస్తాను. అదేమో డ్రమ్ము మోడలండి. పద్నాలుగవుద్ది. కాస్త మోటుగా ఉంటుంది."

చక్రాలది అడ్డంగా, నున్నగా, పెళ్ళికొడుకులా మెరుస్తోంది. డ్రమ్ముది నిలువుగా, నల్లగా, ఈరమ్మలాగే పొట్టిగా ఉంది. ఆమె రెండింటినీ వేలి కణుపులతో కొట్టి చూసింది. ఒకటి గలగలమంది, ఇంకొకటి బరువుగా పలికింది. మూతలు ఎత్తి, లోపల తల పెట్టి వాసన చూసింది. తర్వాత యోగేందర్ ఫోను అడిగి తీసుకుని, టార్చి వెలిగించి డ్రమ్ములో పెట్టి మూత వేసింది. చుట్టూ తిరిగి చూసింది. ఎక్కడా వెలుతురు లేదు.

ఫోను తీసి చక్రాలదాంట్లో పెట్టింది. యోగేందర్, త్రినాథరావు ముందువైపే, డబ్బాకు వీపు పెట్టి నిలబడి గ్యారంటీ గురించి మాట్లాడుకుంటున్నారు. ఈరమ్మ వెనక్కి వెళ్ళి వంగింది. మూత మడతబందుల పొడవునా సన్నటి తెల్లగీత. పొగగొట్టం అడుగున, మూత అంచున ఇంకా గీతలు. వెలుతురు వచ్చిన దారిన పొగ పోతుంది. పొగ నిలవకపోతే మంట పెంచాలి. మంట పెంచితే మాంసం పైన మాడి, లోపల పచ్చిగా ఉంటుంది. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఏడేళ్ళకే నేర్చుకున్న సంగతి అది.

ఆమె గుండె గట్టిగా కొట్టుకుంది. ఇది కొంటే నాలుగు ఆదివారాలు మాంసం పాడవుతుంది. యోగేందర్ విసిగిపోయి దీన్ని మూలకు తోస్తాడు. పొయ్యి ఉంటుంది, చువ్వ ఉంటుంది, తను ఉంటుంది.

"గీ చక్రాలదే మంచిగున్నది బిడ్డా," అంది.

యోగేందర్ డ్రమ్ము మీద చెయ్యేశాడు. "నాకైతే గిదే నచ్చింది పెద్దమ్మా. కానీ నీకంటె నాకెక్కువ తెలుస్తదా?" అని డబ్బు తీశాడు.

ఒక్క తలకాయ కూడా సగం కాల్చి ఇవ్వని మనిషి ఈరమ్మ. పొరపాటున చెవి ఎక్కువ కాలితే తనే గిరాకీకి చూపించి చెప్పేది. అలాంటిది ఇవాళ నిలువునా అబద్ధం ఆడింది. అతను అడ్డు ప్రశ్న కూడా వేయకుండా నమ్మాడు. అదే ఆమెకు మరీ భయమేసింది. ట్రాలీ ఆటో వెనక ఆ డబ్బాతో పాటు తనూ కూర్చుంది. చక్రాలు ఉన్నాయి కదా, బ్రేకు వేసినప్పుడల్లా అది ఆమె మీదికే వచ్చింది. కర్మన్‌ఘాట్ దాకా రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

పెరట్లో సతీష్ డబ్బాను పొయ్యి ఇటుకల పక్కన నిలబెట్టాడు. యోగేందర్ లోపలికి వెళ్ళి కొత్త ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి ఈరమ్మ ముందు పెట్టాడు. ఈరమ్మ ఆ కుర్చీనే చూసింది. జంగయ్యకు చొక్కా గుడ్డ, తనకు కుర్చీ.

"కూసో పెద్దమ్మా. ఇగ నువ్వు పొయ్యి ముంగట నిలబడొద్దు. తలకాయలకు గ్యాస్ గన్ను చెప్పిన, సతీష్ కాలుస్తడు. నువ్వు కుర్చీల కూసొని గీ పొగ చూస్కో. తునకలు కట్టుడు, పొగ పెట్టుడు నీ పని. జీతం గదే."

ఈరమ్మ వెంటనే కూర్చోలేదు. కుర్చీ చేతిని పట్టుకుని నిలబడింది. నాలుగు రోజుల భయం ఒక్కసారిగా దిగిపోయింది. అది దిగినంత సేపు కూడా పట్టలేదు, దాని జాగాలో ఇంకోటి వచ్చి కూర్చుంది. ఆ డబ్బా ఇప్పుడు తనది. ఓటిదని తెలిసి తనే ఎంచుకుంది.

"గట్ల చూస్తవేంది? నచ్చలేదా?"

"నచ్చక ఏంది బిడ్డా," అంది. కళ్ళు తుడుచుకుంటే అతను పొగ అనుకున్నాడు. పొగ ఇంకా పెట్టనేలేదు.

తొడ మాంసం జానెడు పొడుగు తునకలుగా కోసి, ఉప్పు, పసుపు, కారం పట్టించి, సన్నటి చువ్వలకు గుచ్చి లోపల వేలాడదీసింది. మధ్యాహ్నం రెండు గంటలకు చింతకట్టె ముట్టించి మూత వేసింది. పది నిమిషాలు కాకముందే భయపడ్డదే అయింది. గొట్టంలోంచి రావలసిన పొగ బందుల్లోంచి, అంచుల్లోంచి బుసబుసా బయటికి వచ్చింది.

"అన్నా, మీటర్ ఎక్కుతలేదు," అన్నాడు సతీష్. "గియ్యాల్నే పాడైందా ఏంది?"

ఈరమ్మ యోగేందర్ వైపు తిరిగింది. "బిడ్డా, నేను దుకాన్ల..." అని మొదలుపెట్టింది. ముందు నుంచి ఎవరో "సేట్, ఖీమా" అని కేకేశారు. "ఒస్తున్న" అంటూ అతను వెళ్ళిపోయాడు. కూడగట్టుకున్న ధైర్యం అతనితో పాటే పోయింది.

"నువ్వు గూడ పో సతీషూ. నువ్వు ఊకె మూత లేపుతుంటే పొగెట్ల నిలుస్తది?"

సతీష్ వెళ్ళాక బకెట్టు తీసుకుని పక్క ప్లాట్లోకి నడిచింది. అక్కడ ఇంటి పునాది తవ్వి ఎర్రమట్టి కుప్ప పోశారు. సగం బకెట్టు నింపేసరికి ఎడమ చెయ్యి బరువెక్కి, మెడ మీద చల్లటి చెమట పట్టింది. మధ్యలో రెండుసార్లు ఆగి, బకెట్టు దించి, మళ్ళీ ఎత్తుకుంది. పెరట్లోకి వచ్చి, మేకలు తినకుండా వదిలేసిన ఎండుగడ్డిని సన్నగా తుంచి మట్టిలో వేసి, నీళ్ళు పోసి మెత్తగా పిసికింది. ఊళ్ళో ఏటా పొయ్యి పగుళ్ళు పూడ్చేది ఇలాగే. గడ్డి ఉంటే మట్టి ఎండినా పగలదు.

ముందు వెనకవైపు బందులకు పూసింది. తర్వాత గొట్టం అడుగున. ఆఖరున మూత అంచు చుట్టూ. నాలుగు వేళ్ళూ కలిపి, ఒత్తి లాగుతూ, ఎక్కడ పొగ కనిపిస్తే అక్కడ మళ్ళీ అద్దుతూ పోయింది. ఎవరైనా వచ్చి అడుగుతారేమోనని మాటిమాటికీ తలుపు వైపు చూసింది. ఎవరూ రాలేదు. కాసేపటికి అంచుల్లో పొగ ఆగింది. గొట్టం నుంచి సన్నగా, నీలంగా, తీరిగ్గా లేచింది. మీటరులో ముల్లు కదిలింది.

ఈరమ్మ అప్పుడు కుర్చీలో కూర్చుంది. కూర్చుని పని చేయడం ఆమెకు కొత్త. వీపు గోడకు ఆనించి, కాళ్ళు చాపుకుంది. ఛాతీలో ఏదో బిగబట్టినట్టుంది కానీ, నాలుగు రోజుల తర్వాత మొదటిసారి ఆకలి కూడా వేసింది. బిడ్డ రాగానే ఉన్నదున్నట్టు చెప్పేయాలి. నేనే ఓటిది ఎంచిన, భయంతోటి ఎంచిన అని చెప్పాలి. తిడతాడు. తిట్టనీ. కుర్చీ అయితే తీసుకోడు. మట్టి చేతులు కడుక్కోవాలనుకుంది. మళ్ళీ, జర ఆగి కడుక్కుందామనుకుంది.

ఐదున్నరకు యోగేందర్ టీ తీసుకుని వచ్చాడు. గొట్టంలోంచి పొగ దాదాపు ఆగిపోయింది. పెరడంతా మంచి వాసన. ఈరమ్మ తల గోడకు వాల్చి, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉంది. వేళ్ళ మీద మట్టి ఎండి పొడిబారింది. నిద్రపోతోందనుకుని, లేపడం ఇష్టంలేక, గ్లాసు పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు.

"పెద్దమ్మా, చాయ్," అన్నాడు నెమ్మదిగా.

రెండోసారి పిలిచి, భుజం మీద చెయ్యేశాడు. చేతిలో గ్లాసు ఒలికింది.

వీధి చివర డాక్టరు వచ్చి చూసి, గుండె అన్నాడు. ప్రాణం పోయి గంటకు పైనే అయి ఉంటుందన్నాడు. సంతోషి షాపు యూనిఫాం చీరతోనే పరుగెత్తుకొచ్చింది. తల్లి చేతులు చూసి, "గీ మట్టేందన్నా?" అని అడిగింది.

ఆ రోజు డబ్బా జోలికి ఎవరూ పోలేదు. మర్నాడు మీర్‌పేట్‌లో అంత్యక్రియలన్నీ అయ్యాక, అన్నదమ్ములిద్దరూ పెరట్లోకి వచ్చారు. సతీష్ కత్తి మొనతో మూత అంచున మట్టి రాల్చి ఎత్తాడు. తునకలు ముదురు ఎరుపుగా, ఎక్కడా మాడకుండా వేలాడుతున్నాయి. యోగేందర్ ఒకటి తెంపి నోట్లో పెట్టుకుని, నమలలేక ఆగాడు.

తర్వాత అతను ఫోను తీసి టార్చి వెలిగించి లోపల పెట్టాడు. మూత వేసి చుట్టూ తిరిగాడు. మట్టి రాలిన ముందు అంచున వెలుతురు గీత బయటికి వచ్చింది. దుకాణంలో ఆమె ఒక్కతే వెనక్కి వెళ్ళి వంగి చూడటం గుర్తొచ్చింది. ఆదివారం ఆమెకు వినబడేంత దూరంలో ఫోన్లో తనన్న మాటా, కుర్చీ పెట్టినప్పుడు ఆమె ముఖమూ గుర్తొచ్చాయి. అతను ఇటుకల మీద కూర్చుండిపోయాడు.

"ఓటిదే ఇచ్చిండన్నా. గ్యారంటీ ఉన్నది, మట్టి కడిగి వాపస్ ఇచ్చేద్దాం," అన్నాడు సతీష్.

"కడుగకు," అన్నాడు యోగేందర్. "ఉండనీ."

వెనకవైపు బందుల మీద మట్టి ఇటుకలా గట్టిపడి ఉంది. ఒక్క పగులూ లేదు. దాని పొడవునా ఈరమ్మ నాలుగు వేళ్ళ గీతలు, మొదట లోతుగా, పోనుపోను పలచగా, గొట్టం దాకా ఉన్నాయి.