ఏకగ్రీవం

బాన్సువాడ దగ్గర కాలువ కింది రైతుల నీటి సంఘంలో నాజ్నీన్ గుమాస్తా. మీటింగులో ఎవరేమన్నా మినిట్స్ పుస్తకంలో ఎక్కించడం ఆమె పని. మాట పొల్లుపోకుండా రాస్తుందని నాలుగూళ్లలో పేరు.

ఆ యాసంగిలో నీళ్లు తక్కువ. ముందు ఎగువ పొలాలకు పది రోజులు వదిలి, ఆ తర్వాత దిగువకు ఇద్దామన్నాడు అధ్యక్షుడు జగన్మోహనరావు. అందరూ తలలూపారు. కాలువ చివర రెండెకరాలున్న హీరాబాయి మాత్రం లేచి నిలబడింది.

"పొట్టకొచ్చిన వరి పది రోజులు ఎట్ల ఆగుతది? నేను ఒప్పుకోను. గది రాయి బిడ్డా."

నాజ్నీన్ రాసింది. కలం కదలడం చూశాకే హీరాబాయి కూర్చుంది.

జనం వెళ్లాక జగన్మోహనరావు పుస్తకం చదివి కళ్లజోడు తీశాడు. కోప్పడలేదు. అభ్యంతరం కనబడితే పై ఆఫీసు తీర్మానాన్ని తిప్పి పంపుతుందని, అది తేలేదాకా తూము ఎత్తరని, మూడు వందల ఎకరాలు ఎండుతాయని నెమ్మదిగా చెప్పాడు. ఏకగ్రీవమని మార్చి రాయమన్నాడు.

"ఆమె వద్దన్నది గదా సార్."

"నేనూ విన్నానమ్మా. ఏం చెయ్యమంటావు?"

నాజ్నీన్ పుస్తకం దగ్గరికి లాక్కుంది. ఆ పేజీ తీసేసి మళ్లీ రాసింది. హాజరు సంతకాలూ వేలిముద్రలూ మీటింగు మొదట్లోనే ముందు పేజీలో పడి ఉన్నాయి.

పన్నెండో రోజుకు హీరాబాయి మడి నెర్రెలు విచ్చింది. వెన్నులన్నీ తాలు. నష్టం చెప్పుకుందామని నాజ్నీనే పుస్తకం పట్టుకుని, ఆమెను వెంటబెట్టుకుని పై ఆఫీసు ఇంజనీరు దగ్గరికి పోయింది. ఆయన పుస్తకం తిరగేసి, అందరూ ఒప్పుకున్నట్టే ఉందనీ ఈమె వేలిముద్ర కూడా ఉందనీ చూపించాడు.

"ఈమె ఒప్పుకోలేదు సార్. రాసింది నేనే. తప్పు రాసిన," అంది నాజ్నీన్.

ఆయన ఆమె వంక జాలిగా చూశాడు. నోటిమాట మీద తానేమీ చేయలేనన్నాడు. పుస్తకం మూసి ఆమె చేతికే ఇచ్చాడు.

బయటికొచ్చాక హీరాబాయి తిట్టలేదు. "నాకు చదువు రాదు. నువ్వు రాస్తుంటె చూసిన, గంతే," అని ఆటో ఎక్కింది. మర్నాడు ఆ మడిలో మేకలను తోలింది.

తర్వాతి మీటింగుకు ఆమె రాలేదు. ఆనవాయితీ ప్రకారం నాజ్నీన్ లేచి పాత మినిట్స్ చదివింది. 'ఏకగ్రీవంగా' దగ్గర చదవడం ఆపింది. నిజం చెప్పింది. ఒకరిద్దరు తలలు వంచుకున్నారు. అయిపోయినదాన్ని తవ్వితే రెండో తడి ఆగుతుందన్నారు వెనకనుంచి ఎవరో.

పాత మినిట్స్ ఉన్నవి ఉన్నట్టు ఆమోదమేనా అని జగన్మోహనరావు అడిగాడు. చేతులు లేచాయి. ఆమోదించినట్టు నాజ్నీన్ రాసుకుంది.