సాగనంపని బతుకమ్మ

తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలై రెండు వారాలు దాటింది. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సులు తిరగడం లేదు. ఆ ఖాళీ రోడ్డు మీద, మా దీక్షా శిబిరం ముందు ఆడవాళ్లు బతుకమ్మ ఆడుతుంటే ఎస్సై వచ్చి స్వప్న కొంగు పట్టి బయటకు గుంజాడు. కొంగు చిరిగింది. ఆ రోజు బతుకమ్మను పేర్చింది ఆమే.

"మగోనివి చీర కట్టుకొని రోడ్డు మీద ఆడుతున్నవారా?" అంటూ జీపెక్కించి ఠాణాకు తీసుకుపోయాడు.

స్వప్న హిజ్రా. మూసారాంబాగ్‌లో కిరాయి గదిలో ఉంటుంది. నిజాం నాటి చట్టమొకటి తెలంగాణలో ఇంకా చావలేదు. మగవాడిగా పుట్టి ఆడబట్టలు కట్టుకుని వీధిలో ఆడినా పాడినా వారంట్ లేకుండా పట్టుకుపోవచ్చు. నిజాం పోయాడు గానీ ఆయన కొరడా ఠాణాలో భద్రంగా ఉంది.

మా శిబిరం నాయకుడు మధుకర్ మంచివాడే. ఆ మంచితనంతోనే తప్పు చేశాం.

"మాలతీ, నువ్వు లా చదువుతున్నవ్ గదా. ఉద్యమం కోసం వేషం కట్టిండని రాయి. స్వప్న దాని మీద సంతకం పెడితే ఇడిచిపెడ్తరట."

రాశాను. సిగ్గుతో చెబుతున్నాను, అది నా చేతిరాతే.

ఠాణాలో స్వప్న ఆ కాగితం చదివింది. సంతకం పెడితే ఇంటికి. లేకపోతే జైలుకు, అదీ మగఖైదీల మధ్యకు.

"వేషమంటే ఇప్పేది గద చెల్లె. నేనేం ఇప్పాలె?" అని నన్నడిగింది.

మధుకర్ విసుక్కున్నాడు. "ముందు రాష్ట్రం రానీ స్వప్నా. నీ సంగతి తర్వాత సూద్దం."

"సకల జనులంటిరి. అండ్ల నేను లేనా అన్నా?"

సంతకం లేకుండానే కాగితం నా చేతికి తిరిగొచ్చింది. మర్నాడు ఆమెను రిమాండుకు పంపుతారని తెలిసింది.

శిబిరానికొచ్చేసరికి పొద్దు గూకుతోంది. బతుకమ్మను సరూర్‌నగర్ చెరువులో సాగనంపాలి. గడ్డిఅన్నారం మార్కెట్లో బత్తాయిలు ఏరే అండాలమ్మ మాత్రం తాంబాలం ముందు నుంచి లేవలేదు.

"నిలవుంచితే అరిష్టం" అన్నారెవరో.

"పేర్చినామెను జైల్ల పెట్టినంక ఇంకేం అరిష్టం? ఆమె ఒచ్చినంకనే సాగనంపుదం."

"రాష్ట్రం కోసం కొట్లాడుతుంటే నడుమ గీ లొల్లేంది అండాలమ్మా?" అన్నాడు మధుకర్.

"గా రాష్ట్రంల గీ చట్టం ఉంటదా, ఉండదా? గది చెప్పు."

అతను శిబిరంలోకి వెళ్లిపోయాడు.

మర్నాడు స్వప్నను జైలుకు తీసుకుపోయారు. ఆడవాళ్లు వాడిన బతుకమ్మ పక్కనే కొత్త బతుకమ్మను పేర్చి నిలబెట్టారు. చట్టాన్ని రద్దు చెయ్యాలని నేను బ్యానర్ రాసి కట్టాను. సైదాబాద్ నుంచి మరో నలుగురు హిజ్రాలు చీరల్లో వచ్చి, భయంతో దూరంగా నిలబడ్డారు. అండాలమ్మ వెళ్లి చెయ్యి పట్టుకుని వాళ్లను ఆటలోకి తెచ్చింది.

జీపు వచ్చి ఆగింది.

"ఆ నలుగురిని బయటికి పంపుండ్రి" అన్నాడు ఎస్సై.

చప్పట్లు ఆగలేదు. ఆడవాళ్లు మరింత దగ్గరగా జరిగారు. మధుకర్ వచ్చి జీపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"పట్కపోతే అందరినీ పట్కపో సారు" అంది అండాలమ్మ. "గీ జీపు సరిపోదు, బస్సు తెప్పియ్యి. బస్సులేమో సమ్మెల ఉన్నయ్."

నేను చెప్పులు విడిచి ఆటలో చేరాను. మా మధ్యలో స్వప్న పేర్చిన పూలు వాడిపోయి ఉన్నాయి. వాటిని మేమింకా సాగనంపలేదు.