పెద్దకోడలి కడుపుమంట

ఆ ఇంట్లో టీవీ ఎంత గట్టిగా మోగినా అందరూ చెవొగ్గేది పెద్దకోడలి మాటకే. చిన్నకోడలు కాపురానికి వచ్చేదాకా పరిస్థితి అదీ. మామగారు పొద్దున లేచిన దగ్గర్నుంచి వార్తల ఛానల్ ముందే కూర్చుంటారు. లోకంలో ఎక్కడ ఏం జరిగినా ఇంట్లో అందరికన్నా ముందు ఆయనే అరిచి చెప్పాలి. అందుకే పై అంతస్తు వాళ్ళు, కింది అంతస్తు వాళ్ళు కలిసి ఆయనకు బ్రేకింగ్ గారని పేరు పెట్టేశారు. ఆయన హాల్లోంచి వార్త అరుస్తారు, పెద్దకోడలు వంటింట్లోంచి ఓ మాట విసురుతుంది, ఇల్లంతా పగలబడి నవ్వుతుంది. రోజూ ఇదే తంతు.

"ఎండలేం పెరగలేదట, జనానికే ఓర్పు తగ్గిందట. మంత్రిగారు చెప్తున్నారు!" అని ఆయన అరిస్తే, "అయితే ఈ ఉక్కపోతకి రాజీనామా ఎవరు చెయ్యాలి మామయ్యా, ఆయనా, మనమా?" అనేది. కట్టిన ఏడాదికే కుప్పకూలిన వంతెన గురించి, అది కూలలేదు, పరీక్షలో భాగంగా కిందికి దిగిందని ఓ పెద్ద అధికారి సెలవిచ్చిన రోజున, "పాపం, దిగింది గానీ మళ్ళీ ఎక్కడం మర్చిపోయినట్టుంది" అంది. మామగారికి నవ్వి నవ్వి పొలమారింది. అత్తగారు ఆ మాటను పక్కింటికి మోసుకెళ్ళి మరీ చెప్పి వచ్చింది.

పెద్దకోడలు ఓ ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. వచ్చినవాళ్ళ జబ్బకు రబ్బరు పట్టీ బిగించి, నరం వెతికి, రక్తం తీసి, గొట్టంలో పోసి, యంత్రంలో పెట్టి, వచ్చిన అంకెను వాళ్ళ చేతికివ్వడం ఆమె ఉద్యోగం. అక్కడ ఆమెతో జోకులు వేయించుకునేవాళ్ళు ఎవరూ ఉండరు. సూది చూడగానే సగం మంది కళ్ళు మూసుకుంటారు, మిగతా సగం మంది ఆమెను తిట్టుకుంటారు. సాయంత్రం ఇంట్లో దొరికే ఆ నాలుగు నవ్వుల కోసమే ఆమె పగలంతా నెట్టుకొచ్చేది.

చిన్నకోడలు వచ్చింది. పిల్ల మంచిది. అదే వచ్చిన బాధ. గయ్యాళిదైతే నాలుగు తిట్టుకుని కడుపుబ్బరం తీర్చుకోవచ్చు. ఇదేమో అక్కా అక్కా అంటూ వెనకే తిరుగుతుంది, అడక్కుండానే గిన్నెలు తోమిపెడుతుంది. తీరిక దొరికితే ఫోనును ఓ స్టాండుకు తగిలించి, జుట్టు సర్దుకుని, కళ్ళు ఇంతింత చేసి, "బంగారాలూ, డాక్టర్లు మీకు చచ్చినా చెప్పని నిజం ఒకటి చెప్పనా?" అని మొదలుపెడుతుంది. మైక్రోవేవులో వేడిచేసిన అన్నానికి జ్ఞాపకశక్తి పోతుందట. అన్నానికి! టీకాలు వేయించుకున్నవాళ్ళకు కలలు రావట. భూమి వేడెక్కడం లేదట, మన అరికాళ్ళే పలచబడ్డాయట. ఆ చివరిది మంత్రిగారి చెవిన పడితే తప్పకుండా వాడుకుంటాడని పెద్దకోడలు అనుకుంది. అనుకోవడమే, పైకి అనలేదు. ఎందుకంటే వినేవాళ్ళు లేరు. ఆ పిల్ల గొంతెత్తగానే బ్రేకింగ్ గారు రిమోట్ తీసుకుని టీవీ నోరు నొక్కేస్తున్నారు. ఇన్నేళ్ళలో పెద్దకోడలి కోసం ఆయన ఏనాడూ ఆ పని చేయలేదు. ఆమె తన జోకుల్ని టీవీ అరుపుల మీదుగానే విసురుకుంది.

ఆ రిమోటు దగ్గరే మొదలైంది మంట.

ఒకరోజు చిన్నకోడలు కిటికీ గట్టు మీద నీళ్ళు నింపిన నీలం సీసా పెట్టింది. నీలం గాజులోంచి ఎండ తగిలితే నీళ్ళకు శక్తి వస్తుందట. ఆ నీళ్ళు పరగడుపున తాగితే షుగర్ జబ్బు మాయమైపోతుందట. అత్తగారికి షుగర్ ఉంది. ఆవిడ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆ సీసా వంక మురిపెంగా చూస్తోంది.

పెద్దకోడలు ఊరుకోలేకపోయింది. "నీళ్ళని ఎండబెడితే చివరికి ఏం మిగులుతుందమ్మా? సీసా."

ఎవరూ నవ్వలేదు. కాదు, ఒక్కరు నవ్వారు. చిన్నకోడలే చప్పట్లు కొట్టి మరీ నవ్వింది. "అబ్బ, భలే అన్నావక్కా!" అని, మర్నాడు అదే మాటను తన వీడియోలో వాడుకుంది. "కొంతమంది తెలివైనవాళ్ళు ఏమంటారో తెలుసా బంగారాలూ, సీసా మిగులుతుందంటారు!" అని కన్ను గీటింది. లక్షమంది చూశారు. నవ్వు బొమ్మలు కుప్పలు తెప్పలుగా వచ్చిపడ్డాయి. పెద్దకోడలు బాత్రూములో తలుపేసుకుని ఆ బొమ్మలన్నీ చూసుకుంది. తన జోకుకి లక్షమంది నవ్వారు, పేరు మాత్రం ఆ పిల్లది. అంత ఏడుపు ఆమెకు పుట్టింటి నుంచి బయల్దేరిన రోజున కూడా రాలేదు.

అత్తగారు నీలం నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. ఫ్రిజ్ మీద ఉండే మాత్రల అట్ట ఉన్నది ఉన్నట్టే ఉండిపోయింది. ఒక్క గూడు కూడా చిరగలేదు. పెద్దకోడలు పొద్దునా సాయంత్రం ఆ అట్టను చూసేది. చెప్పాల్సింది తనే అని ఆమెకు తెలుసు. మాత్ర మానేస్తే ఏమవుతుందో ఆ ఇంట్లో ఆమెకన్నా బాగా తెలిసినవాళ్ళు లేరు. ఇదివరకైతే ఇల్లు పీకి పందిరేసేది. ఇప్పుడు మాత్రం నోరు విప్పలేదు. పెరగనీ, అనుకుంది. కాస్త పెరగనీ. అంకె వచ్చిన రోజున అందరి ముందూ పెడతాను, అప్పుడు చూద్దాం బంగారాల సంగతి. రాత్రి పడుకున్నాక ఆ ఆలోచన గుర్తొచ్చి ఒళ్ళు జలదరించేది. తెల్లారాక మళ్ళీ వెళ్ళి అట్ట చూసుకునేది.

మూడు నెలలు గడిచాక తనే సవాలు విసిరింది. "ఇంత నమ్మకం ఉన్నప్పుడు పరీక్ష చేయిద్దాం. మూడు నెలల షుగరెంతో ఒక్క చుక్కలో తేలిపోతుంది. కావాలంటే నీ కెమెరా ముందే రక్తం తీస్తా."

చిన్నకోడలు జంకుతుందనుకుంది. ఆ పిల్ల ఎగిరి గంతేసింది. "నిజంగానా అక్కా? నువ్వు నా వీడియోలో వస్తావా?"

ఆదివారం పొద్దున హాల్లోనే జరిగింది. అత్తగారు కొత్త చీర కట్టుకుని కూర్చుంది. పెద్దకోడలు కెమెరాలో తన చేతులు మాత్రమే కనబడాలంది. ఆ చేతులు పట్టీ బిగించాయి, దూదితో తుడిచాయి, నొప్పి తెలియకుండా రక్తం తీశాయి. మర్నాడు ల్యాబులో తనే స్వయంగా యంత్రంలో పెట్టింది. అంకె వచ్చింది. బాగుంది. బాగుండటమంటే మామూలుగా కాదు, అత్తగారికి ఇన్నేళ్ళలో ఎప్పుడూ రానంత బాగుంది. పెద్దకోడలు నమ్మలేక మళ్ళీ పెట్టింది. మళ్ళీ అదే. యంత్రం పాడైందేమోనని పక్క యంత్రంలో పెట్టింది. అదీ అదే చెప్పింది. ముసలావిడ ఆరోగ్యం నిక్షేపంగా ఉందని తెలిసి స్టూలు మీద కూలబడి ఏడ్చిన కోడలు ఆ ఊరు మొత్తం మీద ఈమె ఒక్కతే అయి ఉంటుంది.

వీడియో ఊరూవాడా తిరిగింది. "పరీక్ష చేసింది ఎవరనుకున్నారు? మా సొంత అక్క! ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. ఇంతకన్నా సాక్ష్యం కావాలా బంగారాలూ?" ఛానల్ గాలి తీద్దామని వెళ్ళిన మనిషి దానికి ముద్ర కొట్టి వచ్చింది. మామగారు ఆ వీడియోను టీవీకి తగిలించి వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నారు.

ఇక ఆమె వల్ల కాలేదు. ఓ సాయంత్రం అత్తగారు ఒక్కతే ఉన్నప్పుడు బట్టలు మడతపెడుతూ అడిగేసింది. "అత్తయ్యా, నిజం చెప్పండి. ఆ నీళ్ళతోనే తగ్గిందా?"

అత్తగారు అటూ ఇటూ చూసి, రవికలున్న అర లాగి, అడుగునుంచి ఓ మాత్రల అట్ట తీసింది. దాదాపు ఖాళీ అయిపోయింది.

"మీ మామయ్య చేత వేరే తెప్పించుకున్నానే. పైనున్నది ముట్టుకుంటే చిన్నది నొచ్చుకుంటుందని."

"మామయ్యకి తెలుసా!"

"తెలుసు. చెప్పొద్దన్నా."

లోకంలోని వార్తలన్నీ అరిచి చెప్పే మనిషి ఇంట్లో వార్త ఒక్కటి గుటుక్కున మింగేశాడన్నమాట.

"ఇదివరకు కూడా మాత్రలు వేసుకునేవారుగా, ఎప్పుడూ ఇంత బాగా రాలేదే?"

అత్తగారు సిగ్గుపడింది. "ఇదివరకు వారానికి రెండు మూడు పూటలు ఎగ్గొట్టేదాన్ని. నువ్వున్నావులే, చూసుకుంటావులే అని. ఈ నీళ్ళు మొదలుపెట్టాక భయం పట్టుకుందే. సీసా నీళ్ళు తాగి పోతే పరువేముంటుంది? ఒక్క పూట మానలేదు, తీపి ముట్టుకోలేదు. నువ్వు చెప్తే భయంగా ఉంటుంది, అది చెప్తే ముచ్చటగా ఉంటుంది. ముచ్చటకి నీళ్ళు తాగా, భయానికి మాత్ర మింగా. ఇద్దరి మాటా విన్నాగా. ఇప్పుడు దానికి చెప్పకే, పిల్ల చిన్నబుచ్చుకుంటుంది."

పెద్దకోడలు చెప్పలేదు. ఆవిడ మీద గౌరవంతో కాదు. తను చెప్తే ఎవరు నమ్ముతారని.

ఆ వారంలోనే ల్యాబుకి ఓ బస్సు డ్రైవరు వచ్చాడు. నడివయసు మనిషి, ఖాకీ చొక్కా. పట్టీ బిగిస్తుండగా ఆమె చేతుల వంక తేరిపార చూసి, "మేడమ్, ఆ వీడియోలో చేతులు మీవే కదూ?" అన్నాడు సంబరంగా. "ఈ ఉంగరం చూసి పట్టేశా. మీ దగ్గరే చేయించుకోవాలని రెండు బస్సులు మారి వచ్చా. నేనూ నీలం నీళ్ళే తాగుతున్నా. మాత్రలు అవతల పారేశా. రిపోర్టు మీ చెల్లెలికి పంపుదామని."

ఆమె చేతిలో సూది ఆగిపోయింది. "కళ్ళు బాగానే కనిపిస్తున్నాయా?"

"కాస్త మసగ్గా ఉంటున్నాయి మేడమ్. ఒంట్లో విషం బయటికి పోయేటప్పుడు అలాగే ఉంటుందట. కింద కామెంట్లలో అందరూ రాశారు."

"బండి నడుపుతున్నారా?"

"నడపకపోతే ఎలాగ?"

ఆమె ఉన్నదంతా చెప్పేసింది. వీడియోలో ఆవిడ తన అత్తగారేనని, మాత్ర ఒక్క పూట మానలేదని, నీళ్ళలో ఏమీ లేదని. డ్రైవరు శ్రద్ధగా విన్నాడు. విన్నకొద్దీ మొహంలో సంబరం పోయి, జాలి లాంటిది వచ్చి కూర్చుంది.

"తోటికోడళ్ళన్నమాట," అన్నాడు. "నాకూ ఇద్దరు తమ్ముళ్ళున్నారు మేడమ్. ఒకడు పైకొస్తే ఇంకొకడికి కంటి మీద కునుకుండదు. మీకు ఆ అమ్మాయంటే కుళ్ళు. ఏమీ అనుకోకండి."

ఆమె నరం చూసుకుని రక్తం తీసింది. తను చెప్పిందంతా నిజమే, అతను అన్నదీ నిజమే.

మధ్యాహ్నానికి అతని అంకె వచ్చింది. ఉండాల్సినదానికి రెండింతలు పైనే ఉంది. డాక్టరుకు చూపించి, ఆయన చెప్పమన్నది చెబుదామని వెంటనే ఫోన్ చేసింది. ఇవాళే వచ్చి చేరాలని, అప్పటిదాకా స్టీరింగు ముట్టుకోవద్దని బతిమాలింది. అవతల బస్సు హారన్లు వినిపించాయి.

"రిపోర్టులో మీరే ఏదో మార్చుంటారు మేడమ్," అని పెట్టేశాడు.

ఆమె సెలవు చెప్పి ఇంటికి పరుగెత్తింది. అత్తగారి పక్కన నేల మీదే కూలబడి, జరిగింది చెప్పి, "మీరు చెప్తేనే నమ్ముతాడు అత్తయ్యా. ఆ కెమెరా ముందే, మీ నోటితోనే" అంది. చేతులు పట్టుకుని ఏడ్చింది.

అత్తగారు లేచి, రవికల అర లాగి, అట్ట తీసి కొంగులో పెట్టుకుంది. "చెప్తానే. ఒకరి ప్రాణం మీదికొచ్చాక ముచ్చటేంటి. కానీ నేను చెప్పేటప్పుడు నువ్వు ఆ గదిలో ఉండకూడదు."

"ఎందుకత్తయ్యా?"

"నీ మొహంలో సంతోషం కనిపిస్తే నాకు మాట రాదే. మూడు నెలలుగా ఆ అట్ట వంక నువ్వు చూసిన చూపు నేను చూడలేదనుకున్నావా?"

పెద్దకోడలికి తల కొట్టేసినట్టయింది. బయటికొచ్చి, తలుపు దగ్గరికి వేసి, మెట్ల మీద కూర్చుంది. లోపలినుంచి "బంగారాలూ, ఇవాళ లైవ్‌లో మా అత్తయ్య మీతో ఏదో చెప్పాలంటోంది!" అని హుషారుగా వినిపించింది. తర్వాత అత్తగారి గొంతు, తగ్గు స్వరంలో, ఆగి ఆగి. ఆ తర్వాత చిన్నకోడలి గొంతు. "అత్తయ్యా, ఏంటిది? ఏంటిదత్తయ్యా?" అని చిన్నపిల్లలా. ఆపైన వెక్కిళ్ళు.

పెద్దకోడలు పెదాలు గట్టిగా బిగించుకుంది. అయినా నవ్వు వచ్చేసింది. ఎవరూ లేని మెట్ల మీద, అరచేయి అడ్డం పెట్టుకున్నా ఆగకుండా వచ్చింది. తన మీద తనకే అసహ్యం వేసింది. అప్పటికీ నవ్వు పోలేదు.

ఫోన్ తీసి, లోపల సాగుతున్న ఆ లైవ్ వీడియో లింకును డ్రైవరుకు పంపి, అతని నంబరు నొక్కింది. మోగుతూనే ఉంది. మళ్ళీ చేసింది. మళ్ళీ మోగింది. ఎత్తలేదు. అప్పుడు పోయింది నవ్వు. ఈ వేళకి బండి మీద ఉంటాడు.