పార్కులో వేళ పాట

మా ఆవిడ అన్నది ‘వేళ పాట’. నాకు వినిపించింది ‘వేలం పాట’. ‘ళ’ కాస్తా ‘ల’ అయింది, పైన కలిసింది ఒక్క సున్నా. సున్నాకి విలువ లేదని చెప్పిన మా లెక్కల మాస్టారు ఎక్కడున్నా ఒకసారి వచ్చి మా ఇల్లు చూసి పోవాలి.

నేరం పూర్తిగా నా చెవులదే అనడానికి లేదు. మా ఇంటికి ఎదురుగా పెద్ద పార్కు ఉంది. పార్కులో ఏటా సంగీతోత్సవం జరుగుతుంది. ఆ ఉదయం స్పీకర్లు సరిచూస్తున్నారు. ఎవరో మైకులో “చెక్... చెక్...” అని ఒకటే అరుపు. బ్యాంకులో కూడా అన్ని చెక్కులు ఉండవు. డ్రమ్ము మోగినప్పుడల్లా మా బాత్రూం కిటికీ అద్దం తాళం వేస్తోంది. నేను మొహం నిండా నురగతో గడ్డం గీసుకుంటున్నాను. గోడ అవతల వంటింట్లో మా ఆవిడ ఫోనులో గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

“పార్కులో వేళ పాట నేనే పాడతానండీ. మా ఇంట్లో మాత్రం తెలియనివ్వకండి.”

ఇది ఆమె అన్నది. దెబ్బకీ దెబ్బకీ మధ్య నాకు అందింది ఇది: “పార్కు వేలం పాట నేనే పాడతానండీ.”

గడ్డం తెగింది.

ప్రపంచంలో వేలానికి వెళ్లినవాడు ధర చెబుతాడు. మనవాడు మాత్రం పాట పాడతాడు. పక్కవాడు ఇంకాస్త పెంచితే అది హెచ్చు పాట. ఇంత సంగీతజ్ఞానం ఉన్న భాషలో పుట్టినందుకు గర్వపడుతూ బతికినవాణ్ణి, ఆ రోజు గడ్డం మీద దూది అంటించుకుని కూలబడ్డాను. పార్కుని వేలం వేస్తున్నారు. పాడుకునేది మా ఆవిడ.

అసలు ఈ అనుమానం రావడానికి నాకు అర్హత ఏమిటో చెప్పాలి. నేను పార్కు పరిరక్షణ సంఘం అధ్యక్షుణ్ణి. ఎవరూ పోటీ చేయలేదు కాబట్టి ఏకగ్రీవం. పోయిన ఏడాది ఉత్సవం అయ్యాక పార్కులో గడ్డి పరక మిగల్లేదు. లయ అంటే తాళగతి అని ఒక అర్థం, నాశనం అని ఇంకో అర్థం. వేదిక మీద మొదటిది జరిగింది, వేదిక కింద రెండోది జరిగింది. పాటకి ఉన్నవి రెండు మూడు చరణాలే. వినడానికి వచ్చినవాళ్లవి మాత్రం వేల చరణాలు. అవన్నీ గడ్డి మీదే నాట్యం చేశాయి. వానలు పడ్డాక పార్కంతా బురద. పొద్దున్నే నడవడానికి వెళ్లినవాళ్లు చెప్పులు అక్కడే వదిలేసి ఇంటికొచ్చారు, భక్తితో కాదు, ఊడిరాక.

మా కింది అంతస్తులో పళ్ల డాక్టరు ఉన్నాడు. పళ్లంటే తినేవి కావు, తినడానికి వాడేవి. ఉత్సవం రోజుల్లో ఆయన దగ్గర నోరు తెరిచిన ఒక పెద్దమనిషి, డ్రమ్ము దెబ్బకి ఉలిక్కిపడి డాక్టరు వేలు కొరికేశాడు. అప్పట్నుంచి డాక్టరు మా సంఘంలో చేరాడు. నోరు తెరిచి పాడేది వాళ్లు, నోరు మూసుకుని పడి ఉండాల్సింది మనమా, అన్నది ఆయన నినాదం. అది నేను రాసిచ్చిందే.

నేను అర్జీలు కూడా రాశాను. ‘మీకు కచేరీ, మాకు కచేరీల చుట్టూ తిరుగుడు’ అని మొదలుపెట్టి, ‘గానం మీది, అవమానం మాది’ అని ముగించాను. పార్కుల అధికారి అది చదివి పడీ పడీ నవ్వాడట. నాలుగు బల్లలకి తిప్పి చదివించాడట. వచ్చే ఏడాది కూడా ఇలాంటిదే రాయమని కబురు పెట్టాడు. అంటే వచ్చే ఏడాది కూడా ఉత్సవం ఉంటుందన్నమాట. కదిలింది వాళ్ల పొట్టలే, ఫైలు కదల్లేదు.

జనం మరీ చల్లారిపోతున్నారని, “ఇలాగే పాడుపెట్టి చివరికి పార్కుని వేలం వేస్తారు చూడండి” అని సంఘం సమావేశంలో ఒకసారి బెదిరించాను. అదీ సంగతి. నేను పుట్టించిన పుకారు, ఊరంతా తిరిగి, మా వంటింటి గోడ గుండా నాకే చేరిందనుకున్నాను. కన్నబిడ్డని గుర్తుపట్టకుండా ఉంటానా?

మా ఆవిడకి పార్కు కొనే స్తోమత ఎక్కడిది? లేదు. కాబట్టి వెనకాల ఎవరో ఉన్నారు. ఉత్సవం వాళ్లే ఉంటారు. సంఘానికి నామమాత్రపు అధ్యక్షుణ్ణి నేను, వాళ్లకి బినామీ మా ఆవిడ. ఒకే ఇంట్లో నామీ, బినామీ.

ముందు మా అత్తగారి దగ్గర కూపీ లాగుదామనుకున్నాను. ఆవిడ మా ఇంట్లోనే ఉంటుంది. ఆవిడకి చెవుడు. ఉత్సవం జరిగే రోజుల్లో మా వీధిలో హాయిగా నిద్రపోయే ఏకైక మనిషి.

“అత్తయ్యా, మీ అమ్మాయి పార్కులో వేలం పాట పాడుతుందట, తెలుసా?” అని చెవి దగ్గర అరిచాను.

“తెలియకేం బాబూ. నేను నేర్పిందే కదా.”

“వేలం పాట మీరు నేర్పారా?”

“మా అమ్మ నాకు నేర్పింది. నేను దానికి నేర్పాను. మా ఇంట్లో ఆడవాళ్లందరూ పాడేవాళ్లే. పెళ్లయ్యాక ఇదే మానేసింది.”

తరతరాలుగా ఊళ్లలోని పార్కులన్నీ పాడుకున్న వంశంలో పిల్లని చేసుకున్నానా అని తల తిరిగింది.

ఆవిడ నా మొహం చూసి, “మీరేమన్నారు, వేలమా? వేలం కాదు బాబూ, వేళ. వేళ పాట. చెవి చూపించుకోండి,” అంది.

పాపం, చెవిటి మనిషి, ఏదో అనుకుంటోంది అని నవ్వుకుంటూ బయటికొచ్చాను.

ఆ రాత్రి అన్నాల దగ్గర మా ఆవిణ్ణి నేరుగా అడగలేదు. అధ్యక్షుడన్నాక కొంత రాజనీతి ఉండాలి.

“రేపేదో పాట అంటున్నారు పార్కులో,” అన్నాను గిన్నెలోకి చూస్తూ.

ఆమె చేతిలో గరిటె ఆగింది. “ఎవరు చెప్పారు?”

“గోడలకి చెవులుంటాయి.”

“ఆ చెవులు మీవేనా?” అంది. “మీకు కోపంగా లేదా?”

“కోపం సంగతి తర్వాత. ఎంతదాకా వెళ్దామని నీ ఉద్దేశం?”

“వెళ్లగలిగినంత పైకి. మధ్యలో ఆగిపోతే నలుగురిలో పరువు పోతుంది కదండీ. అదే భయం.”

“నీకంటే పైకి పాడేవాళ్లుంటే?”

“ఉండనీండి. నేను వాళ్ల కోసం పాడట్లేదుగా.” గరిటె కింద పెట్టింది. “ఇన్నేళ్లకి మళ్లీ గొంతు విప్పుతున్నాను. మీరు ఎగతాళి చేస్తారనే చెప్పలేదు. వంటింట్లో కూనిరాగం తీసినా ‘కూరలో రాగం ఎక్కువైంది’ అంటారు. అందరూ నవ్వుతారు, నేను ఆపేస్తాను. రేపొక్కరోజు అడ్డు రాకండి. ఇంకేమీ అడగను.”

ఆమె కళ్లు కొంచెం తడిగా ఉన్నాయి. కొనుగోలుదారులకి మరీ ఇంత భావోద్వేగమా అనుకున్నాను. సరే అన్నట్టు తలూపాను. తల నాది, మాట అధ్యక్షుడిది కాదు కదా అని మనసులో ఒక మినహాయింపు రాసుకున్నాను.

తెల్లారగానే సంఘాన్ని పిలిచాను. సంఘమంటే పళ్ల డాక్టరు, వీధి చివరి దర్జీ. మిగతా సభ్యులు కాగితం మీద చాలా చురుగ్గా ఉంటారు.

“పార్కు గేటుకి మనమే తాళం వేసేద్దాం. తాళం పడిందంటే పాట ఆగుతుంది,” అన్నాను.

“తాళం పడితే పాట సాగుతుంది కదా గురూ?” అన్నాడు దర్జీ.

“అది వేరే తాళం.”

“వేసి మనం లోపలుంటామా, బయటుంటామా?” అని అడిగాడు డాక్టరు. “బయటుంటే వేలం ఆపలేం. లోపలుంటే ఇంటికి పోలేం.”

ఈ ప్రశ్నకి నా దగ్గర శ్లేష లేదు, కాబట్టి జవాబు కూడా లేదు. తాళం మాత్రం కొన్నాం.

సాయంత్రం పార్కుకి వెళ్లేసరికి ఏదో తేడాగా ఉంది. గడ్డి మీద పొడుగునా చెక్క పలకలు పరిచారు. జనం వాటి మీదే నడుస్తున్నారు. పోయినేడు మా కిటికీల్లోకి చూసిన స్పీకర్లు ఈసారి వీపు మా వైపు పెట్టి, అవతలి ఖాళీ గోదాముల వైపు తిరిగాయి. రాత్రి భోజనాల వేళకి ఉత్సవం ఆపేస్తామని గేటు దగ్గర బోర్డు పెట్టారు.

“బాగానే చేశారే,” అన్నాడు డాక్టరు.

“అమ్మేముందు సరుకు తుడిచి పెట్టరా?” అన్నాను.

గేటు దగ్గర కాపలాదారు నా చేతిలోది చూసి, “ఆ తాళానికి చెవి ఉందా అయ్యా?” అని అడిగాడు. జేబులు తడుముకున్నాను. తాళంచెవి ఇంట్లో మరిచిపోయాను. అదే సమయానికి మైకులో వినిపించింది: “ఇప్పుడు మన వేళ పాట. మొదటగా పాడేది...” అంటూ మా ఆవిడ పేరు చెప్పారు. నా చెవికి మళ్లీ వేలమే అందింది.

నేను పరిగెత్తాను. నా వయసు, నా పొట్ట, చేతిలో తాళం, అన్నీ తలో వైపు పరిగెత్తాయి. వేదిక ఎక్కి, అప్పుడే పెదవి విప్పబోతున్న మా ఆవిడ ముందు నుంచి మైకు లాక్కున్నాను.

“ఆపండి. ఈ పార్కు అమ్మకానికి లేదు. ఈ వేలం చెల్లదు. ఈ పాట పాడుతున్నది నా భార్యే అయినా, ఆమె ఒట్టి బినామీ.”

జనం ఒక్కసారిగా గొల్లుమన్నారు. చప్పట్లు కొట్టారు. ఇది కార్యక్రమంలో హాస్యాంకం అనుకున్నారు. జన్మలో నాకు అంత పెద్ద సభ దొరకలేదు, నిజం చెప్పాలంటే అర క్షణం ఛాతీ పొంగింది కూడా. అప్పుడు పక్కకి చూశాను.

మా ఆవిడ నవ్వడం లేదు. రెండు చేతులూ గట్టిగా కట్టుకుని, నేల చూస్తోంది. వంటింట్లో కూనిరాగం ఆగిపోయేటప్పుడు మొహం ఇలాగే ఉండి ఉంటుంది. నేనెప్పుడూ చూడలేదు. అలాంటప్పుడు నేను నవ్వేవాళ్ల వైపు చూస్తూ ఉంటాను.

ముందు వరసలోంచి మా అత్తగారు లేచి, చెవిటివాళ్లకుండే గొంతుతో పార్కంతటికీ వినిపించేలా అంది. “నిన్ననే చెప్పాను, వేలం కాదు, వేళ అని. ఇంట్లో చెవుడు నాకొక్కదానికే అనుకున్నాను.”

వేళ. వేలం. నా తలలో సున్నా గిర్రున తిరిగింది. మైకు చల్లగా చేతిలో ఉంది. నోట్లో ఒక్క శ్లేషా లేదు. మైకుని మా ఆవిడకి అందించాను. ఆమె ఇంటికి వెళ్లిపోతుందనుకున్నాను.

వెళ్లలేదు. గొంతు సవరించుకుంది.

“ఈయన మా ఆయన,” అంది. మళ్లీ నవ్వులు. ఆమె ఆగింది, నవ్వుల్ని పోనిచ్చింది. “నిన్న నేను ఫోనులో వేళ పాట అన్నాను. మీ డ్రమ్ముల గోలలో ఆయనకి వేలం పాట అని వినపడింది. పార్కుని నేను వేలంలో కొనేస్తున్నానని పాపం ఈ తాళం పట్టుకొచ్చారు. పార్కంటే ఆయనకి అంత ప్రేమ. తాళానికైనా చెవి ఉంటుంది, ఆయనకి లేదు.”

ఇది నా శ్లేష కావలసింది. ఆమెకే దక్కింది.

“వేళ పాట అంటే ఏమిటో మిగతావాళ్లకీ తెలియదు కాబట్టి చెబుతున్నాను. పోయినేడు మా ఇళ్లలో పడుకోలేకపోయాం, ఈ గడ్డి చచ్చిపోయింది. నేను ఉత్సవం వాళ్ల దగ్గరికి వెళ్లాను. వాళ్లని నవ్వించడం నాకు చేతకాదు, అందుకని విసిగించాను. స్పీకర్లు అటు తిప్పమన్నాను. పలకలు వేయమన్నాను. అన్నం వేళకి ఆపమన్నాను. ఒప్పుకున్నారు. చివర్లో ఇంకొకటి అడిగాను. ఇంత గోల భరించేది ఇరుగుపొరుగు వాళ్లం కదా, పొద్దుగూకే వేళ ఒక్కటి మాకివ్వండి, ఏ స్పీకరూ పెద్దది చేయకుండా మేమే పాడుకుంటాం అన్నాను. అదీ వేళ పాట. వేలం లేదు, బినామీ లేదు.”

నేను మెట్లు దిగి మా అత్తగారి పక్కన కూర్చున్నాను. తాళం ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్లో పెట్టుకున్నాను.

మా ఆవిడ నా వైపు చూసింది. “అయినా మా ఆయన ఇంత దూరం వేలానికి వచ్చారు, ఉత్త చేతులతో పంపకూడదు. నాకంటే హెచ్చు పాట పాడేవాళ్లు ఎవరైనా ఉన్నారా?”

“ఒకటోసారి,” అన్నాడు పళ్ల డాక్టరు వెనక నుంచి.

“రెండోసారి,” అన్నాడు దర్జీ.

మూడోసారి నేను అనాలని అందరూ నా వైపు తిరిగారు. నేను నోరు తెరవలేదు. ఆమె పాట అందుకుంది.