బెజ్జం పూడ్చిన చెయ్యి

నేను ఒక పంపుని. పొలానికి నీళ్ళు తోడే పంపుని కాదు, మేడ మీది ట్యాంకుకి ఎక్కించేదాన్నీ కాదు. రెండు అరచేతుల్లో ఇమిడిపోయేంతదాన్ని. కాకినాడలో ఒక పళ్ళ డాక్టరు గారి ఆసుపత్రిలో, రోగులు కూర్చునే హాల్లో, ఐదడుగుల గాజు తొట్టె కింద అల్మారాలో మూడేళ్ళు పనిచేశాను. పై తొట్టెలో పగడాలు, రంగు చేపలు. కింద చీకట్లో ఇంకో చిన్న తొట్టె. పైన అంచు దాటి పొర్లిన ఉప్పునీళ్ళు కిందికి దిగి, వడకట్టుకుని, మళ్ళీ పైకెక్కాలి. ఎక్కించేది నేను. నాకు ఆదివారం లేదు, పండగ లేదు. వచ్చినవాళ్ళు చేపల్ని మెచ్చుకునేవారు, డాక్టరు గారి అభిరుచిని మెచ్చుకునేవారు, ఒకావిడ అల్మారా చేసిన వడ్రంగిని కూడా మెచ్చుకుంది. నా ఊసు ఎవరూ ఎత్తలేదు. దానికి నాకు బాధ లేదు, సరిగ్గా పనిచేసే పంపు ఎవరికీ గుర్తు రాదు. నా బాధ వేరు. నన్ను మోసం చేశారు. చేసిన చెయ్యి ఎవరిదో నాకు తెలుసు.

నేను పుట్టింది చైనాలో ఒక ఫ్యాక్టరీలో. నా ఒంట్లో కదిలేది ఒక్కటే, పింగాణీ ఇరుసు మీద తిరిగే రెక్కల చక్రం. ఓడెక్కి, లారీ ఎక్కి, చివరికి ఇదే ఊళ్ళో జగన్నాథపురంలో తాతారావు షెడ్డులో తేలాను. తాతారావుది సముద్రం మీద చేపల వేటకెళ్ళే కుటుంబం. తను మాత్రం వల పట్టకుండా రొయ్యపిల్లల హేచరీలో పన్నెండేళ్ళు చేశాడు. సముద్రపు నీళ్ళని తొట్టెలో బతికించడం అక్కడే నేర్చుకున్నాడు. ఊళ్ళో తొమ్మిది చోట్ల అక్వేరియాలు చూసేవాడు. బోర్డు లేదు, కార్డు లేదు. ఒకరు చెబితే ఇంకొకరు పిలిచేవారు. అతని తిండి అతని మాట మీదే నడిచేది.

డాక్టరు ఉమాకాంతం గారు పంపు కోసం రెండు నెలలు చదివారు. పెళ్ళిసంబంధానికి కూడా అంత వాకబు చేసి ఉండరు. ఏది చప్పుడు చెయ్యదు, ఏది వేడెక్కదు, ఏది గంటకి ఎన్ని లీటర్లు తోడుతుంది అని కాగితాల మీద గీతలు గీసుకుని తాతారావు దగ్గరికొచ్చారు. ఆసుపత్రికి ఆదివారం సెలవు. ఆ ఒక్కరోజు పంపు ఆగితే చూసే దిక్కు ఉండదని ఆయన భయం. తాతారావు ఆ కాగితాలు పక్కన పెట్టాడు. పెట్టె మీద రాసిన అంకె చదునైన నేల మీద పరుగులాంటిదని, మెట్లెక్కాక ఎంత ఓపిక మిగులుతుందో చూడాలని చెప్పాడు. షెడ్డులో ఉన్న మా ముగ్గురు పంపుల్నీ ఉప్పునీళ్ళ బకెట్లలో వారం రోజులు తిప్పాడు. గోడకి గొట్టం నిలబెట్టి ఎవరు ఎంత ఎత్తుకి తోస్తున్నారో సుద్దముక్కతో గీత పెట్టాడు. అరిగితే మార్చడానికి ఇరుసు విడిగా దొరుకుతుందో లేదో కనుక్కున్నాడు. ఆఖరి పరీక్ష అతను సొంతంగా కనిపెట్టింది. స్విచ్చి నలభైసార్లు తీసి వేసేవాడు. మొదటి పంపు పదిహేడోసారి మొరాయించింది. రెండోది ముప్ఫై దాటాక గొణిగి ఊరుకుంది. నేను నలభైసార్లూ లేచాను.

"తిరిగే పంపు గొప్ప కాదండి, ఆగినాక మళ్ళీ లేచేది గొప్ప," అన్నాడు తాతారావు. "దీనికి నేను పూచీ అండి."

నా జీవితంలో నా గురించి ఎవరైనా అన్న మంచిమాట అదొక్కటే.

బిగించే రోజున డాక్టరు గారు ఒక కోరిక కోరారు. నీళ్ళు పైకొచ్చే గొట్టం మూతి కనబడకూడదు, తొట్టె సగం లోతులో రాళ్ళ వెనక దాగి ఉండాలి. తాతారావు సరేనన్నాడు. కానీ నీటి అంచుకి కాస్త కింద, గొట్టానికి అగ్గిపుల్ల దూరేంత బెజ్జం ఒకటి పెట్టాడు. ఎందుకో ఓపిగ్గా చెప్పాడు. కరెంటు పోతే నేను ఆగుతాను. అప్పుడు పైనున్న నీళ్ళు అదే గొట్టంలోంచి వెనక్కి జారడం మొదలెడతాయి. గొట్టం మూతి మునిగి ఉన్నంతసేపూ ఆ జారుడు ఆగదు, కింది తొట్టె నిండి నీళ్ళు నేల పాలవుతాయి. బెజ్జం ఉంటే నీళ్ళు అక్కడికి దిగగానే గాలి లోపలికొచ్చి జారుడు తెగిపోతుంది. ఆ బెజ్జం జోలికి మాత్రం పోవద్దని డాక్టరు గారికీ చెప్పాడు, అక్కడ పనిచేసే సలోమికీ చెప్పాడు.

మూడేళ్ళలో ఎన్నిసార్లు కరెంటు పోయిందో లెక్కలేదు. ప్రతిసారీ బెజ్జం నీళ్ళని ఆపింది, ప్రతిసారీ నేను లేచాను. మాది మంచి జోడీ. నాకున్న ఒకే ఒక్క ఫిర్యాదు వేరే. మూడు నెలలకోసారి నన్ను వినిగర్‌లో నానబెట్టి కడగాలి, లేకపోతే ఒళ్ళంతా తెల్లగా సున్నం పట్టేస్తుంది. తాతారావు వచ్చి కడుగుతానంటే, రోగులున్నారు, తర్వాత చూద్దామనేవారు డాక్టరు గారు. పక్క గదిలో ఆయన గొంతు నాకు వినిపిస్తూనే ఉండేది. రోజుకి రెండుసార్లు తోముకోవాలి, ఆర్నెల్లకోసారి గార తీయించుకోవాలి, అశ్రద్ధ చేస్తే మొదటికే మోసం అని అందరికీ చెప్పేవారు. నా గార మాత్రం ఆయన కళ్ళకి ఆనలేదు. అయినా తిరిగాను.

అసలు చిక్కు ఆ బెజ్జం చేసే చప్పుడుతో వచ్చింది. అందులోంచి సన్నటి ధార నీటి పైకి చిమ్మి చుయ్‌మంటూ ఉండేది, అద్దం మీద ఉప్పు చుక్కలు పడేవి. ఒక శనివారం ఎవరో పెద్దమనిషి, తొట్టె లీకవుతోందేమో చూడండి డాక్టరు గారూ అన్నాడు. ఆయనకి తల కొట్టేసినట్టయింది. రోగులు వెళ్ళాక నన్ను ఆపారు. నేను ఆగిన ఆ కాసేపట్లో కూడా నీళ్ళు కిందికి దిగకుండా ఆ బెజ్జమే కాపాడింది. ఆయన గొట్టాన్ని తుడిచి, ఆరబెట్టి, పిప్పిపన్ను పూడ్చే తెల్లటి ముద్ద తీశారు. ముద్ద గట్టిపడటానికి వేసే నీలం లైటు పట్టుకోమని సలోమిని పిలిచారు.

"సార్, దాన్ని ముట్టుకోవద్దని తాతారావు గారు చెప్పారు కదండీ," అంది సలోమి.

"కన్నం కనిపిస్తే పూడ్చడమే కదమ్మా మన పని," అని నవ్వారు.

పూడ్చారు, నున్నగా అరగదీశారు, వేలితో తడిమి మురిసిపోయారు. నన్ను మళ్ళీ వేశారు. చప్పుడు లేదు. ఆయన సంతోషంగా ఇంటికెళ్ళారు.

మర్నాడు ఆదివారం. తీగలకి తగిలే కొమ్మలు కొట్టడానికి పదింటికి కరెంటు తీశారు. నేను ఆగాను. నీళ్ళు వెనక్కి జారాయి. నేను బెజ్జం కోసం ఎదురుచూశాను. నీళ్ళు దాని దగ్గరికొచ్చాయి, దాన్ని దాటి దిగిపోయాయి, పైవరుస పగడాలు నీళ్ళలోంచి బయటపడ్డాయి. కింది తొట్టె నిండి, పొర్లి, నీళ్ళు గడప దాకా పారాయి. నాలోంచే పారాయి, నేనేమీ చెయ్యలేకపోయాను. రెండింటికి కరెంటొచ్చింది. ఎప్పటిలాగే ఈసారి కూడా నేను లేచాను. ఉన్న నీళ్ళన్నీ పైకి తోశాను. నేల పాలైన నీళ్ళు తిరిగి రావు కదా, పై తొట్టె అంచు దాకా నిండలేదు, కిందికి చుక్క దిగలేదు. నాకు నీళ్ళు అయిపోయాయి. సోమవారం పొద్దున్న సలోమి తలుపు తీసేదాకా ఉత్తగాలిలో తిరిగాను. ఇరుసు పగిలింది. కదలని నీళ్ళలో ఊపిరాడక చేపలు పోయాయి, ఎనిమిదింటిలో బతికింది నారింజరంగు జోడీ ఒక్కటే.

డాక్టరు గారు ఏడ్చారు. అది నటన కాదు, వాటికి పేర్లు పెట్టుకున్న మనిషి. ఆయన చెయ్యి గొట్టం మీదికి వెళ్ళింది. బొటనవేలు ఆ నున్నటి చోట ఆగింది. నేను చూశాను, ఆయనకి అక్కడే అంతా అర్థమైంది. చెయ్యి వెనక్కి తీసుకున్నారు. తాతారావు పరుగున వచ్చేసరికి హాల్లో నలుగురు రోగులు ఉన్నారు.

"నువ్వు నమ్మమన్నావు, నమ్మాను," అన్నారు ఆయన. "నీ పంపు ఇన్ని ప్రాణాలు తీసింది."

ఆడలేక మద్దెల ఓడన్న సామెతలో ఈసారి మద్దెలని నేను. పోనీ నేనంటే వస్తువుని, పడతాను. తాతారావు తల దించుకుని నన్నూ గొట్టాన్నీ సంచిలో వేసుకున్నాడు. రెండు వారాలు తిరగకుండా తొమ్మిది తొట్టెలు మూడయ్యాయి. బంగారం కొట్టువాళ్ళు, లాడ్జివాళ్ళు, బడివాళ్ళు, అందరూ మర్యాదగానే వద్దన్నారు. అతను ఎవరితోనూ వాదించలేదు. షెడ్డులో కూర్చుని నన్ను వినిగర్‌లో కడిగి, కొత్త ఇరుసు వేసి, బకెట్లో పెట్టి స్విచ్చి వేశాడు. నలభైసార్లు తీశాడు, వేశాడు. నలభైసార్లూ లేచాను.

"మరెందుకు చంపావే?" అని నన్నే అడిగాడు. నోరుంటే అప్పుడే చెప్పేదాన్ని.

తర్వాత గొట్టం తీశాడు. బెజ్జం కోసం వేలితో తడిమాడు, దొరకలేదు. ఎండలోకి తీసుకెళ్ళి చూస్తే నున్నటి తెల్లచుక్క కనిపించింది. సూదితో పొడిచాడు. పెళ్ళ కూడా ఊడలేదు. గొట్టాన్ని గుడ్డలో చుట్టి సంచిలో పెట్టాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆసుపత్రికి నన్ను కూడా సాక్ష్యానికి తీసుకెళ్ళాడు. రోగులు లేరు. గొట్టం బల్ల మీద పెట్టి, తెల్లచుక్క పైకి తిప్పాడు. డాక్టరు గారు దాన్ని చూశారు, తర్వాత సలోమి వైపు చూశారు.

"ఇది ఎవరు చేశారు సలోమీ?"

ఆవిడ చేతిలో పనిముట్ల పళ్ళెం ఉంది. దాన్ని బల్ల మీద పెట్టింది. "నేనేనండి," అంది. "చప్పుడొస్తందని."

తెలియక చేసే పనులు ఇలాగే ఉంటాయని డాక్టరు గారు నిట్టూర్చారు. తాతారావు ఆ చుక్క మీద బొటనవేలు పెట్టి రుద్దాడు.

"ఇంత నున్నటి పని సలోమమ్మకి వచ్చేస్తే, ఇంక మీతో పనేముందండి డాక్టరు గారూ?"

సలోమి తలెత్తలేదు. తాతారావు తొట్టె దగ్గరికెళ్ళాడు. అప్పటికే రాజమండ్రి నుంచి ఎవరో వచ్చి కొత్త పంపు, కొత్త గొట్టం వేసి వెళ్ళారు. ఆ గొట్టానికి బెజ్జమే లేదు. బతికిన జోడీ దాని పక్కనే తిరుగుతోంది. తాతారావు సంచిలోంచి చేతి డ్రిల్లు తీశాడు, స్టూలెక్కాడు, నీటి అంచుకి కాస్త కింద బెజ్జం పెట్టాడు. సన్నటి ధార చుయ్‌మంది.

"చేపలేం చేశాయండి," అని దిగి, నన్ను సంచిలో వేసుకుని వచ్చేశాడు.

ఇప్పుడు నేను షెడ్డులో అరమీద ఉన్నాను. అప్పుడప్పుడు బకెట్లో వేస్తాడు, లేస్తాను. పోయిన ఆరు తొట్టెల్లో ఒక్కటీ తిరిగి రాలేదు, డాక్టరు గారు ఊళ్ళో ఎవరికీ నిజం చెప్పలేదు మరి. వీధిలో కరెంటు పోయిన ప్రతిసారీ నాకు ఆ హాలే గుర్తొస్తుంది. ఆ బెజ్జం ఇంకా తెరిచే ఉందో, మళ్ళీ ఏ శనివారమైనా ఎవరైనా దాని చప్పుడు గురించి ఆయనతో అన్నారో.